ఆగ్రహం

రెడ్‌హిల్స్‌లో మా హాస్టల్ మూడో అంతస్తు.
కిటికీ తీస్తే ఆసుపత్రి జనరేటర్ మోత,
మూస్తే ఇద్దరి తడిబట్టల వాసన.
కరెంటు పోయిన రాత్రుల్లో
బిన్సీ మొహం మీద ఒక్కటే వెలుతురు,
ఫోనుది.

నైట్ డ్యూటీ లేనినాడు ఆమె చదువుతుంది.
దుప్పటి తల మీదికి గుంజుకొని
బొటనవేలితో పైకి తోస్తూ, తోస్తూ,
ఒక్కదగ్గర ఆగిపోయి.

ఏం చదువుతున్నవే అంటే
ప్రార్థనలు చేచ్చీ, అంటది.
ప్రార్థన చదివితే చెవులు ఎర్రబడతాయా?

నాది చిక్కడపల్లిలో పెళ్లికార్డుల ప్రెస్సు.
పద్దెనిమిదేండ్లుగా అక్షరాలు కొట్టి బతుకుతున్న.
ఎన్ని వేల చిరంజీవులను ఎన్ని వేల సౌభాగ్యవతుల పక్కన కూసోబెట్టిన్నో
లెక్కలేదు.
ముహూర్తం వేస్తం, మేనమామల పేర్లు వేస్తం,
భోజనాల టైము వేస్తం,
మనుషులకు ఆకలి ఒక్కటే ఉన్నట్టు.

అక్షరం కనబడితే చదవకుండ ఉండలేని రోగం నాకు.
మొన్న మంచం మీద ఆమె ఫోను తెరిచి ఉంది.
ఇంగ్లీషు అక్షరాలు. ఇంగ్లీషు కాదు.
రాసినోళ్ల పేరు లేదు.
ఒకటో తరగతి పిల్లలెక్క వేలు పెట్టి
కూడబలుక్కుంట గట్టిగ చదివిన.
ఒక్క ముక్క తెలియదు, గొంతు మాత్రం ఖంగుమంటున్నది.

బాత్రూంల నుంచి సబ్బునురగతోనే ఉరికొచ్చి
బిన్సీ నా నోరు మూసింది.
వేపసబ్బు చెయ్యి, వణుకుతున్నది.
"పైకి చదవకు చేచ్చీ. అది పెద్దవాళ్ల కథ."

నాకు నలభై రెండు.
ఇంకెంత పెద్దగ కావాలె?

తర్వాత తల తుడుచుకుంట తనే చెప్పింది.
పుట్టింది రామచంద్రాపురం ఫ్యాక్టరీ క్వార్టర్సుల,
మలయాళం నాలుక మీదనే ఉంది, కంటికి రాదు.
ఎండకాలం సెలవులకు పోతే అమ్మమ్మ నేర్పబోయింది,
జపమాల పుస్తకం ఒళ్లో పెట్టుకొని.
"ఆ గుండ్రటి అక్షరాలల్ల అయితే ఈ కథ
నేను చదవలేను చేచ్చీ.
ప్రతి అక్షరం వెనక ఆమె కండ్లద్దాలు కనబడతయి.
ఇంగ్లీషు అక్షరాలకు మా ఇంట్ల ఎవ్వరూ తెలియదు."

సరే గని, అన్న,
ఒక్క మాట నాకు తెలిసింది.
పేజీకి నాలుగుసార్లు వచ్చింది, ఆగ్రహం.
ఎందుకే ఆ పిల్లకు అంత కోపం?
ఎవరు కొట్టిన్రు?

బిన్సీ నవ్వు మొదలుపెట్టింది.
ఇనుపమంచం కిర్రుమనేదాక, కండ్లనీళ్లు వచ్చేదాక,
కింద వార్డెన్ గోడ గుద్దేదాక.
"కోపం కాదు చేచ్చీ.
మాకు ఆగ్రహం అంటే కోరిక."

జనరేటర్ ఎప్పుడు ఆగిందో.

ముషీరాబాద్‌ల మా రేకుల ఇల్లు.
మధ్యాహ్నం రెండింటికి అమ్మ గిన్నెలు విసిరేది.
నాయిన అరుగు మీద మొహాన తువ్వాల కప్పుకొని పండుకునేటోడు.
శబ్దాన్ని బట్టి ఏ గిన్నెనో చెప్పేదాన్ని:
ఇది ఇత్తడి చెంబు, ఇది అన్నపు తపేలా.
లలితమ్మకు ఆగ్రహం ఎక్కువ, అన్నరు అందరు.
దర్గాల తాయెత్తు కట్టిచ్చిన్రు.
శనివారాలు ఉపాసం పెట్టిన్రు.
మిరపకాయలు మాన్పిచ్చిన్రు.
తపేలాకు సొట్టలు అట్లనే ఉండె,
ఆమె పోయినంక పాత సామానోడు
తూకానికి కొనుక్కపోయిండు.

ఇంకోటి చెప్పలేదు బిన్సీకి.
మా మిషన్ దగ్గర బాలనర్సు అని ఉండె.
మోచేతుల దాకా సిరా.
రెండేండ్లు అతని మీద అరిచిన,
మార్జిన్ తప్పిందని, టీ చల్లారిందని,
పని చేసేటప్పుడు ఈల వేస్తున్నవని.
ఒకనాడు చేతులు కిరసనాయిల్‌తో కడుక్కొని
"మీకు నేనంటే ఎందుకు పడదు మేడం" అని అడిగి
జవాబు కోసం కొంచెంసేపు నిలబడి
నాంపల్లిల వేరే ప్రెస్సుకు పోయిండు.

బిన్సీ తల ఆరబెట్టుకున్నది. లైటు తీసేసింది.
దుప్పటి కిందికి పోబోతుంటే చెయ్యి పట్టుకున్న.

చదువు, అన్న. పైకే.
మెల్లగ, వార్డెన్‌కు వినబడకుండ.
అర్థం చెప్పకు.
ఆ మాట వచ్చినకాడ మాత్రం
కొంచెం ఆగు.